మెలిపడే కడ్డీ

ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్‌కు దక్షిణాన సుమారు పది కిలోమీటర్ల దూరంలో, థేమ్స్ నది ఒడ్డున ఆబింగ్డన్ అనే ఊరుంది. 1929 నుంచి 1980 దాకా ఎంజీ స్పోర్ట్స్ కార్లు ఆ ఊళ్లోనే తయారయ్యాయి. వాటన్నిటిలోకీ ఎక్కువగా అమ్ముడుపోయింది ఎంజీబీ. 1962లో లండన్ మోటార్ షోలో బయటికొచ్చిన రెండు సీట్ల కారు అది. టాపు మడిచి గాలికి తిరగొచ్చు. పద్దెనిమిదేళ్లలో 5 లక్షలకు పైగా తయారు చేశారు. అందులో పెద్ద వాటా సముద్రం దాటి అమెరికాకే వెళ్లింది.

ఆ కారు మనలో చాలామందికి కొత్త కావచ్చు గాని, దాని ఇంజను మనకు కొత్త కాదు. మన అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి తిరిగిన 1489 సీసీ పెట్రోలు ఇంజనూ, ఎంజీబీలోని 1798 సీసీ ఇంజనూ ఒకే ఇంటివి. రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) వాళ్ల బీ సిరీస్ ఇంజన్లే. ఇంగ్లండులో ఉద్యోగం చేసిన రోజుల్లో మొదటిసారి ఒక ఎంజీబీ బానెట్ ఎత్తి చూసినప్పుడు, మా మేనమామ అంబాసిడర్ ముందు నిలబడ్డట్టే అనిపించింది. ఆ చనువుతోనే 1975 నాటి కారు ఒకటి కొన్నాను. ఇవాళ దాని సస్పెన్షన్ గురించి, ముఖ్యంగా అందులో ఉండే ఒక ఉక్కు కడ్డీ గురించి మీతో మాట్లాడాలనుకుంటున్నాను.

ఆ కడ్డీని మన వర్క్‌షాపుల్లో స్టెబిలైజర్ రాడ్ అంటారు. అమెరికాలో స్వే బార్, ఇంగ్లండులో యాంటీ రోల్ బార్. అన్నీ ఒకే వస్తువు పేర్లు. బకెట్టు పిడిని గుండ్రంగా కాకుండా పలకగా వంచారనుకోండి, అదే ఆకారం. మధ్యభాగం కారుకు అడ్డంగా ఉంటుంది. దాన్ని రెండు చోట్ల రబ్బరు బుష్షులు వేసి ఛాసిస్‌కో బాడీకో బిగిస్తారు. రెండు కొసలనూ చిన్న లింకులతో కుడి చక్రం సస్పెన్షన్ చేతికీ, ఎడమ చక్రం సస్పెన్షన్ చేతికీ కలుపుతారు.

ముందు చక్రాలు రెండూ ఒకేసారి స్పీడ్ బ్రేకర్ ఎక్కితే రెండు కొసలూ సమానంగా లేస్తాయి. కడ్డీ తన బుష్షుల్లో తాను తిరుగుతుంది, అంతే. మలుపులో అలా కాదు. కారు ఎడమకు తిరిగితే బాడీ కుడికి ఒరుగుతుంది. కుడి స్ప్రింగు నలుగుతుంది, ఎడమ స్ప్రింగు సాగుతుంది. కడ్డీకి ఒక కొస పైకి, ఇంకో కొస కిందికి పోతుంది. తడిబట్టను పిండినట్టు మధ్యలో మెలిపడుతుంది. మెలిపడిన ఉక్కు తిరిగి సూటిగా కావాలని చూస్తుంది. ఆ బలమే ఒరుగుడును ఆపుతుంది.

ఆ బలం కడ్డీ మందాన్ని బట్టి ఉంటుంది. ఎలా ఉంటుందో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. మందం రెట్టింపైతే బిగువు పదహారు రెట్లవుతుంది. గణితం చదువుకున్నవారికి, నాలుగో ఘాతం. ఎంజీబీకి కంపెనీ వేసిన ముందు బారు మందం అంగుళంలో పదహారో వంతులు తొమ్మిది, అంటే 14 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. చిటికెన వేలంత. దాని చోట ముప్పావు అంగుళం బారు, అంటే 19 మిల్లీమీటర్లది వేస్తే, కంటికి కనిపించే తేడా ఐదు మిల్లీమీటర్లు కూడా ఉండదు. బిగువు మాత్రం మూడు రెట్లు దాటిపోతుంది. 22 మిల్లీమీటర్ల బారు వేస్తే దాదాపు ఆరు రెట్లు. ఇంకో సంగతి. మెలికకు ఎదురు నిలిచేది ఎక్కువగా కడ్డీ పైపొరే. నడుమనున్న ఉక్కు చేసే పని చాలా తక్కువ. అందుకే బోలు కడ్డీలు కూడా చేస్తారు. లోపలి రంధ్రం బయటి మందంలో సగం ఉంటే బరువు నాలుగో వంతు తగ్గుతుంది, బిగువు పదహారో వంతే తగ్గుతుంది. తయారీలో నాకు చాలా ఇష్టమైన బేరాల్లో ఇదొకటి.

ఇక నా కారు 1975 నాటిది కావడానికి ఒక కథ ఉంది. అప్పట్లో అమెరికా ప్రభుత్వం కార్ల బంపర్ల మీద కొత్త నిబంధనలు తెచ్చింది. తక్కువ వేగంలో గుద్దుకుంటే కారు దెబ్బతినకూడదు, బంపరు ఫలానా ఎత్తులో ఉండాలి అని. ఎంజీబీకి అమెరికాయే పెద్ద బజారు. కారును మొదటి నుంచీ మార్చి గీసే బదులు, అప్పటికి ఎంజీ యజమానులైన బ్రిటిష్ లేలాండ్ వాళ్లు 1974లో మెరిసే క్రోమ్ బంపర్లు తీసి, లోపల ఉక్కు పెట్టిన నల్ల రబ్బరు బంపర్లు బిగించారు. ఎత్తు కుదరడానికి మొత్తం కారునే అంగుళం నుంచి అంగుళంన్నర దాకా లేపేశారు. అది చాలదన్నట్టు, 1975 మోడల్‌కు వచ్చేసరికి ఖర్చు తగ్గించడానికి ముందు యాంటీ రోల్ బారును తీసేశారు. కావాలన్నవారు అదనంగా డబ్బిచ్చి వేయించుకోవాలి.

కారును పైకి లేపిన సమయంలోనే, ఒరగకుండా పట్టే కడ్డీని తీసెయ్యడం! ఎంజీబీని ప్రేమించినవాళ్లకు ఇప్పటికీ ఆ బాధ పోలేదు. 1977 మోడల్‌కు ముందూ వెనకా రెండు బార్లూ ఇచ్చి కొంత సరిదిద్దారు. ఆ నడుమ తయారైన కార్లు మాత్రం మలుపు చూస్తే పడవలా పక్కకు వాలతాయి. నాది ఆ నడిమి కాలానిదే. ధర తక్కువగా దొరకడానికి కారణమూ అదే.

ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు ఈ కడ్డీ మీద కన్ను పడటం అక్కడే మొదలు కాలేదు. అమెరికాలో షెవ్రొలే కోర్వెయిర్ 1960లో వచ్చినప్పుడు దానికి ముందు బారు లేదు. వెనక ఇంజను, వెనక చక్రాలకు స్వింగ్ యాక్సిల్, అంటే చక్రంతో పాటు పైకీ కిందికీ ఊగే యాక్సిల్. ముందు బారు 1964 మోడల్‌కు గాని ప్రామాణికం కాలేదు. 1965లో న్యాయవాది రాల్ఫ్ నేడర్ కార్ల భద్రత మీద రాసిన పుస్తకంతో ఆ కారు దేశమంతా చర్చకెక్కింది. 1972లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి పరీక్షలు జరిపి, అది తన కాలపు ఇతర కార్లకంటే ఎక్కువ ప్రమాదకరం కాదని చెప్పింది. అయినా, కొన్ని డాలర్ల కడ్డీ ఒక కారు పేరునే నిలబెట్టగలదు, పడగొట్టగలదు అని కార్లు గీసే ప్రతి ఇంజనీరుకూ ఆ ఉదంతం గుర్తుండిపోయింది.

సరే, కారు ఒరుగుతోంది, కడ్డీ లేదు. నేను చేసిన మొదటి పని, దొరికినవాటిలో లావుపాటి బారు, 22 మిల్లీమీటర్లది తెప్పించి బిగించడం. వేసవి అంతా ఆనందంగా గడిచింది. మలుపుల్లో కారు బల్లపరుపుగా తిరిగేది. అక్టోబరు వచ్చింది. వాన, రోడ్డు మీద రాలిన ఆకులు. ఒక రౌండ్‌అబౌట్ దగ్గర స్టీరింగు తిప్పాను, కారు తిరగలేదు. ముందు చక్రాలు వంకరగానే ఉన్నాయి, కారు మాత్రం సూటిగా జారుతోంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాక, కొన్ని గజాలు పోయి అప్పుడు తిరిగింది. ఎదురుగా ఎవరూ లేరు గనక సరిపోయింది.

ఆ సాయంత్రం కాగితం ముందేసుకుని లెక్క వేశాను. మీరూ నాతో పాటు వెయ్యండి, కష్టమేమీ లేదు. మనిషితో కలిపి కారు బరువు 1000 కిలోలనుకుందాం. ఒక్కో చక్రం మీద 250. వేగంగా మలుపు తిరిగితే లోపలి చక్రాల మీది బరువులో కొంత బయటి చక్రాల మీదికి పోతుంది. ఎంత పోతుందనేది కారు బరువు, బరువు కేంద్రం ఎంత ఎత్తులో ఉంది, చక్రాల మధ్య దూరం ఎంత, మలుపు ఎంత వేగంగా తిరిగాం, వీటి మీద ఆధారపడుతుంది. ఈ జాబితాలో యాంటీ రోల్ బార్ లేదు. బరువు కేంద్రం అర మీటరు ఎత్తులో, చక్రాల మధ్య దూరం మీటరుంబావు అనుకుంటే, గట్టి మలుపులో సుమారు 280 కిలోలు ఇటు నుంచి అటు మారతాయి. కడ్డీ లావైనా సన్ననైనా ఆ 280 తగ్గవు.

మరి కడ్డీ చేసేదేమిటి? ఆ 280లో ముందు చక్రాల వాటా ఎంత, వెనక చక్రాల వాటా ఎంత అని పంచుతుంది. ఏ వైపు బిగువు ఎక్కువగా ఉంటే ఆ వైపు ఎక్కువ బరువు మారుతుంది. ముందు లావు బారు వేస్తే ముందు జతలో 190 కిలోలు మారి, వెనక జతలో 90 మాత్రమే మారతాయనుకోండి. అప్పుడు ముందు లోపలి చక్రం మీద మిగిలేది 60 కిలోలు. బయటి చక్రం మీద 440. టైరుకు ఒక గుణముంది. దాని మీద బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, అంతకంటే తక్కువే పెరుగుతుంది. అందుకని 440, 60 మోసే జతకు ఉండే పట్టు, 250, 250 మోసే జతకు ఉండే పట్టుకంటే తక్కువ. నా కారు ముందు భాగం వానలో జారింది ఇందుకే. కడ్డీ పట్టును పుట్టించదు, బరువును పంచుతుంది. నేను పంపకం తప్పు చేశాను.

అయితే అసలు బారు లేకపోతేనే మంచిదా అంటే, కాదు. బాడీ బాగా ఒరిగినప్పుడు బయటి చక్రం కూడా దానితో పాటు వాలుతుంది. టైరు పూర్తి వెడల్పుతో కాకుండా బయటి అంచు మీద నడుస్తుంది. చెప్పు మడమ ఒక పక్కే అరిగినట్టు టైరు కూడా ఆ అంచునే అరుగుతుంది. కొంచెం బిగువైన బారు ఆ వాలును ఆపి టైరును నేల మీద తిన్నగా నిలుపుతుంది. దాని వల్ల వచ్చే లాభం, బరువు మారడం వల్ల వచ్చే నష్టంకంటే ఎక్కువ. ఒక హద్దు దాకా. ఆ హద్దు దాటాక ప్రతి మిల్లీమీటరూ నష్టమే. నా కారుకు ఆ హద్దు 19, 22ల నడుమ ఎక్కడో ఉంది. 22 తీసేసి 19 వేశాను. వానలో ఆ రౌండ్‌అబౌట్‌కు మళ్లీ వెళ్లాను. కారు చెప్పిన మాట విన్నది.

వెనక బారు సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఎంజీబీలో ఇంజను తిప్పేది వెనక చక్రాలను. వెనక లావు బారు వేస్తే మలుపులో వెనక లోపలి చక్రం తేలికైపోతుంది. మామూలు డిఫరెన్షియల్ ఉన్న కారులో ఆ తేలిక చక్రం గిర్రున తిరుగుతుంది, కారు ముందుకు కదలదు. తడి రోడ్డు మీదయితే తోక బయటికి కొడుతుంది. ముందు బారు లేకుండా వెనక మాత్రమే బారు వెయ్యడం ఈ రకం కారుకు ప్రమాదం. ఇందులో నాకు రెండో మాట లేదు.

అసలు ఎంజీబీ వెనక భాగానికి కావలసింది కడ్డీకంటే ముందు ఎత్తు తగ్గడం. దాని వెనక యాక్సిల్ రెండు కమాను కట్టల మీద కూర్చుంటుంది, మన లారీలకూ అంబాసిడర్‌కూ ఉన్నట్టే. కమాను ముందు కొస బాడీకి ఒకచోట స్థిరంగా ఉంటుంది, వెనక కొస షాకిల్ అనే చిన్న లింకుకు వేలాడుతూ అటూ ఇటూ జరుగుతుంది. కారును పైకి లేపినప్పుడు ఆ ముందు కొస యాక్సిల్‌కంటే మరీ ఎత్తులోకి పోయింది. ఇప్పుడు మలుపులో బాడీ ఒరిగి బయటి కమాను నలిగితే, బయటి చక్రం కాస్త వెనక్కి జరుగుతుంది, లోపలిది కాస్త ముందుకు. అంటే యాక్సిల్ మొత్తం వంకరగా నిలుస్తుంది. డ్రైవరు ముందు నుంచి స్టీరింగు తిప్పుతుంటే, వెనక యాక్సిల్ తనంతట తాను ఇంకో స్టీరింగు తిప్పుతున్నట్టు. పాత క్రోమ్ బంపర్ల కారు ఎత్తుకు దించితే ఈ జబ్బు చాలావరకు నయమవుతుంది. ముందు పొట్టి స్ప్రింగులు, వెనక వంపు తక్కువగా ఉన్న కమాను కట్టలు. యాక్సిల్‌కూ కమానుకూ మధ్య దిమ్మలు పెట్టి దించే పద్ధతి కూడా ఉంది. అది చవక. నేను కమాన్లు మార్చడమే మేలంటాను, ఎలాగూ యాభై ఏళ్ల కమాన్లు అలిసిపోయి ఉంటాయి. మొదటి ఎత్తుకంటే ఇంకా కిందికి మాత్రం దించకండి. చూపుకు బాగుంటుంది. గుంత తగిలినప్పుడు సస్పెన్షన్ పోయి రబ్బరు దిమ్మకు కొట్టుకుంటుంది, ఆ క్షణంలో ఆ మూల రాయిలా బిగుసుకుంటుంది.

ఇప్పుడు నేను మొదట చెయ్యవలసి ఉండి, ఆలస్యంగా చేసిన పని చెబుతాను. బుష్షులు. ఎంజీబీ ముందు చేతుల కీళ్లలో రబ్బరు బుష్షులుంటాయి. అవి అరిగి నూనె తాగి మెత్తబడితే, బ్రేకు వేసినప్పుడల్లా చక్రం తన ఇష్టం వచ్చిన దారి చూస్తుంది. అలాంటి కారుకు ఎంత ఖరీదైన బారు వేసినా, వదులు తలుపుకు కొత్త గడియ పెట్టినట్టే. 1973 నుంచి 1976 దాకా ఎనిమిది సిలిండర్ల ఎంజీబీ జీటీ వీ8 అని ఒకటి వచ్చింది. దాని బుష్షుల్లో రబ్బరును ఉక్కు గొట్టానికి అతికించి ఉంటుంది. అవి మామూలు ఎంజీబీకి కూడా సరిపోతాయి. ఎక్కువ కాలం మన్నుతాయి. పాలీయూరిథేన్ బుష్షులు వేసేవారూ ఉన్నారు. గట్టిగా ఉంటాయి, సరైన గ్రీజు పెట్టకపోతే కిర్రుకిర్రుమంటాయి. కమాను ముందు కన్నులో మాత్రం రబ్బరే ఉండనివ్వండి. కమాను అక్కడ మెలిపడాలి, దాన్ని బిగించేస్తే యాక్సిల్‌కు ఊపిరాడదు.

అతికించిన రబ్బరు బుష్షులకు ఒక నియమముంది. కారు నాలుగు చక్రాల మీద నేలన నిలిచి, తన బరువు తాను మోస్తున్నప్పుడే ఆ బోల్టులను ఆఖరుసారి బిగించాలి. నా కారుకు పనిచేసిన ఒక వర్క్‌షాపులో కారును లిఫ్టు మీద పైకెత్తి, చక్రాలు వేలాడుతుండగానే గట్టిగా బిగించేశారు. కిందికి దించిన క్షణం నుంచి రబ్బరు మెలిపడే ఉంది. ఏడాది తిరక్కుండా నాలుగింట మూడు చిరిగిపోయాయి. పది నిమిషాల ఓపిక లేక జరిగిన నష్టం. మెకానిక్‌తో ఈ ఒక్క మాట ముందే చెప్పండి.

షాకబ్జర్లు ఇంకో అధ్యాయం. ఎంజీబీకి మనమెరిగిన గొట్టం షాకబ్జర్లు లేవు. లోహపు పెట్టెలాంటి దానిలో నూనె, పక్కనుంచి ఒక చెయ్యి. లీవర్ షాకబ్జర్లంటారు. ముందు వైపు ఆ చెయ్యే సస్పెన్షన్ పై చెయ్యి కూడా. రెండు పనులు ఒకటే చేస్తోంది గనక దాన్ని ఊరికే తీసి పారెయ్యలేం. వెనక మాత్రం గొట్టం షాకబ్జర్లు అమర్చే సరంజామా దొరుకుతుంది. నేను పాతవాటినే విప్పించి, సీళ్లు మార్చించి, కొత్త నూనె పోయించాను. కారు మూలను గట్టిగా కిందికి నొక్కి వదిలితే ఒక్కసారి పైకి లేచి నిలవాలి. రెండు మూడు సార్లు ఊగితే షాకబ్జర్ పోయినట్టే. దాని ఇరుసు దగ్గర నూనె చెమర్చినా అంతే. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు.

ఎంజీబీ వచ్చిన 1962 మోటార్ షోలోనే లోటస్ కంపెనీ స్థాపకుడు కాలిన్ చాప్‌మన్ గారి ఎలాన్ కారు కూడా బయటికొచ్చింది. మలుపుల్లో ఆ రోజుల్లో దాన్ని మించింది అరుదని పేరు. దాని స్ప్రింగులు మెత్తనివి, చక్రాలు పైకీ కిందికీ చాలా దూరం కదులుతాయి, ఆ కదలికను మంచి షాకబ్జర్లు అదుపులో పెడతాయి. కారు బిగుసుకుపోతేనే బాగా నడుస్తుందనుకునేవారు ఎలాన్‌ను ఒకసారి గుర్తుచేసుకోవాలి. లావు బారు వేసిన కారులో ఒక చక్రం గుంతలో పడితే, ఆ దెబ్బలో కొంత కడ్డీ గుండా రెండో చక్రానికీ పోతుంది. నున్నటి రోడ్ల మీద ఇది తెలియదు. ఒక పక్కే తెగిన తారు అంచుల మీద, అతుకుల రోడ్ల మీద బాగా తెలుస్తుంది. మన దగ్గర పాత కార్లు పెంచుకునేవారు విదేశీ కొలతలు చూసి బారు తెప్పించేముందు తాము తిరిగే రోడ్డును చూసుకోవాలి.

ఇక తుప్పు. ఎంజీబీకి విడిగా ఛాసిస్ ఫ్రేము లేదు, బాడీయే బలం. తలుపుల కింది సిల్లులను తుప్పు తినేసి ఉంటే సస్పెన్షన్ మీద పెట్టే ఖర్చంతా వృథా. జాకీ ఎత్తినప్పుడు తలుపు బిగుసుకుని తెరుచుకోకపోతే ఆ కారు బాడీ వంగుతోందని అర్థం. ముందు వెల్డింగు, తరువాతే కడ్డీ. బారు బిగించే చోట ఇనుము మెత్తబడి ఉన్నా అదే మాట. టైర్ల గురించి ఎక్కువ చెప్పను. పదేళ్ల నాటి టైరుకు గాళ్లు ఎంత లోతుగా ఉన్నా రబ్బరు గట్టిపడి ఉంటుంది. మార్చండి.

మీ ఇంట్లో పాత అంబాసిడరో, పద్మినియో, మరే పాత కారో ఉంటే, ఒక ఆదివారం పొద్దున నోటు పుస్తకం తీసుకుని దాని కింద చూడండి. నాలుగు మూలల్లోనూ నేల నుంచి చక్రం పైనున్న అంచు దాకా ఎత్తు కొలిచి రాసుకోండి. బుష్షులు పగిలాయేమో చూడండి, నాలుగు మూలలూ నొక్కి చూడండి, గ్రీజు ఎప్పుడు పెట్టారో గుర్తు తెచ్చుకోండి. ఒకసారి ఒక్క మార్పే చేసి, తెలిసిన రోడ్డు మీద నడిపి, ఏం మారిందో రాసుకోండి. రెండు ఒకేసారి మారిస్తే ఏది మేలు చేసిందో మీకు ఎప్పటికీ తెలియదు.

నా కారుకు ఇప్పుడు ముందు 19 మిల్లీమీటర్ల బారు ఉంది. ఎత్తు క్రోమ్ బంపర్ల నాటిది. వెనక బారు లేదు.